నల్ల చుక్క లేని రాయి

ఎవరైనా ఊరి పేరు చెబితే మనం ఏమడుగుతాం? బస్సుందా, బడుందా, నీళ్లెలా ఉంటాయి అని. నర్సింగం అలా అడిగే మనిషి కాదు. పేరు వినగానే కళ్లు అరమూసి, ఆ ఊరి కింద ఎన్ని అడుగుల లోతులో బొగ్గుందో చెప్పేవాడు. బొగ్గు కంపెనీ డ్రిల్లింగు విభాగంలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు మరి. ఊళ్ల పొలిమేరల్లో డేరాలు వేసుకుని నెలల తరబడి ఉండటం, భూమిలోకి ఇనుప రాడ్లు దించి గుండ్రటి రాతి ముక్కలను పైకి లాగడం, వాటిని లోతుల వారీగా పెట్టెల్లో పేర్చడం అతని పని. గని ఎక్కడ తవ్వాలో ఆ రాళ్లను చూసే నిర్ణయించేవారు. అతను మాత్రం ఒక్కరోజూ గనిలోకి దిగలేదు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు గొంతులో కొంచెం గర్వం, కొంచెం నామోషీ కలిసే వినిపించేవి.

అలా బతుకంతా బొగ్గు కోసం వెతికిన మనిషి, రిటైరయ్యే ఏడు బొగ్గు లేని ఊరు వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకు కారణం అతని భార్య అనసూర్య ఊపిరి.

సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టర్‌కు తలుపులున్నాయి గానీ తెరిచింది తక్కువ. నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు అయితే గిన్నెలు గలగలమనేవి, కాసేపటికి దుమ్ము వచ్చేది. దండెం మీద బట్టలు ఆరేయాలంటే ముందు ఆ తీగను తడిబట్టతో తుడవాలి, ఆరిన బట్టలను మళ్లీ దులపాలి. ఇరవై ఎనిమిదేళ్లు ఆ దులుపుడు చేసి చేసి అనసూర్యకు ఉబ్బసం పట్టుకుంది. వెల్లకిలా పడుకోలేదు. గోడకు మూడు దిండ్లు ఆనించుకుని, కూర్చునే నిద్రపోయేది. దవాఖానలో డాక్టరమ్మ మందుల చీటీ రాసి, చీటీ చేతికిచ్చే ముందు ఒక మాట చెప్పింది. ఈ దుమ్ములోనే ఉంటే ఎన్ని మందులు రాసినా లాభం లేదు, ఊరు మారండి అని.

ఎలాగూ క్వార్టర్ ఖాళీ చేయాలి. ఒక ఆదివారం నలుగురూ కూర్చున్నారు. కొడుకు భూపాల్ మోటార్లకు వైండింగ్ చేస్తాడు, పెద్దపల్లి అన్నాడు. అక్కడ జాగా ధర విని తనే చప్పబడ్డాడు. కోడలు మమత వాళ్ల అమ్మగారి ఊరు పేరెత్తింది.

"దాని కింద ఆరు వందల అడుగుల్ల రెండు పొరలున్నయ్. నేనే తీసిన. పదేండ్లల్ల గుంజుతరు," అన్నాడు నర్సింగం.

మమత ముఖం చిన్నబోయింది. పుట్టిన ఊరి గురించి అలా వినడం ఎవరికి మాత్రం బాగుంటుంది?

అనసూర్య తన కోరిక చెప్పింది. "నాకు మరీ పల్లె వద్దు. అర్ధరాత్రి ఆయాసమొస్తే సూదేసే దిక్కుండాలె. పట్నం గూడ వద్దు. వాకిలి తీస్తే ఎదురింటి గోడ కనవడొద్దు. గంతే. ఇంకేమడుగుత?"

ఆమె అడిగింది నిజంగా అంతే. అంత చిన్న కోరిక తీర్చడానికి ఏడాది పట్టింది.

ప్రతి ఆదివారం నర్సింగం బండి తీసేవాడు, అనసూర్య ముక్కుకు కొంగు చుట్టుకుని వెనక కూర్చునేది. వారపు సంత జరిగే చిన్న ఊళ్లన్నీ తిరిగారు. ఊరు చేరగానే ఇద్దరూ చెరో దిక్కుకు పోయేవారు. అతను పొలాల గట్ల మీద నడుస్తూ బొగ్గు కోసం కంపెనీ వేసిన పాత బోర్ల గుర్తులు వెతికేవాడు. సిమెంటు దిమ్మె, దాని మీద చెక్కిన నంబరు కనబడితే చాలు, ఆ ఊరు అక్కడితో కొట్టేసినట్టే. ఆమె వెళ్లి ఏదో ఒక చెట్టు ఆకు మీద చూపుడు వేలితో రాసి, ఆ వేలు చూసుకునేది. వేలు నల్లబడితే బండి దగ్గరికి వచ్చేసేది. చాలా ఊళ్లలో ఇద్దరూ ఒకేసారి బండి దగ్గరికి వచ్చేవారు.

అప్పుడు గుర్తొచ్చింది నర్సింగానికి నాగులమడుగు.

తొంభై నాలుగులో, వాగుకు అవతలున్న ఆ ఊళ్లో నాలుగు నెలలు డేరా వేశారు. ఎనిమిది బోర్లు వేశారు. పన్నెండు వందల అడుగులు దిగినా తెల్లటి ఇసుకరాయి తప్ప ఏమీ రాలేదు. ఆ రాతి ముక్క ఒకటి అతను ఇంటికి తెచ్చుకున్నాడు. మోచేతంత పొడవు, నున్నగా, గుండ్రంగా ఉండేది. క్వార్టర్‌లో దాన్ని పచ్చడి జాడీ మీద బరువుగా పెట్టేవారు. ఆ రోజు దాన్ని కడిగి తెచ్చి అందరి ముందూ పెట్టాడు.

"సూడుండ్రి. నల్ల చుక్కుందా? ఒక్కటన్న ఉందా? ఎనిమిది బోర్లల్ల గిదే రాయి. బొగ్గు వాగు ఇవతల్నే ఆగిపోయింది. నాగులమడుగు జోలికి ఎవ్వడు రాడు."

"వాగు ఇవతల ఉన్నట్టే గద?" అంది అనసూర్య.

"ఉంటే ఏంది? వెయ్యి అడుగుల లోతుల ఉన్నది. ఎవడు తీస్తడే అంత లోతుకెళ్లి? తీసినా గా దిక్కు రారు. రాయిని తవ్వుకుంటరా ఎవలన్న?"

అతనితో పాటు ముప్పై ఏళ్లు రాడ్లు మోసిన కుతుబుద్దీన్ ఆ సాయంత్రం చాయ్ తాగడానికి వచ్చాడు. రాయిని చేత్తో తిప్పి చూశాడు. "బొగ్గు లేదని నీకెంత తెలుసో, కంపెనీకి గూడ గంతే తెలుసు నర్సింగం భాయ్," అన్నాడు. నర్సింగం నవ్వాడు. తన మాటకే ఇంకో సాక్ష్యం దొరికిందనుకున్నాడు. ఆ మాటను తిరగేసి చూడాలని అతనికి తట్టలేదు. నిజానికి ఆ మాట అన్నవాడికీ తట్టలేదు.

నాగులమడుగు వెళ్లారు. వేపాకు మీద రాస్తే అనసూర్య వేలు తెల్లగానే ఉంది. ఆమె నమ్మలేక ఇంకో చెట్టు, ఇంకో చెట్టు చూసింది. బస్టాండు పక్కన పెద్ద మందుల షాపుంది. సర్కారు దవాఖానలో రాత్రిపూట నర్సు ఉంటుంది. గురువారం సంత. ఊరి చివర జాగా అమ్మిన ముసలమ్మ సారవ్వ నర్సింగాన్ని గుర్తుపట్టింది. అప్పట్లో డేరా వాళ్లకు దాహానికి సల్ల పోసింది ఆమే.

"నువ్వు గా బోర్ల పిలగానివే గద! అప్పుడేమొచ్చె బిడ్డా మా భూమిల?"

"ఏం రాలే అవ్వా. అదృష్టవంతులు మీరు."

రిటైరైనప్పుడు వచ్చిన పైసలన్నీ ఆ ఇంటికే పెట్టారు. మూడు గదులు, ముందు వరండా, వాకిలి తీస్తే ఎదురుగా వరి పొలాలు, వాటికవతల ఆకాశం. భూపాల్ బస్టాండు దగ్గర వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. మనవరాలిని అక్కడి బడిలో రెండో తరగతిలో చేర్పించారు. తెల్లరాయికి కొత్త ఉద్యోగం దొరికింది. గాలికి తలుపు మూసుకుపోకుండా దాన్ని అడ్డం పెట్టారు. పొద్దున తెరిచిన తలుపు చీకటి పడేదాకా తెరిచే ఉండేది.

మొదటి నెల అనసూర్య అలవాటు కొద్దీ దండెం తుడిచేది. తుడిచిన బట్టను విప్పి చూసుకుని, మసి లేకపోతే ఏదో పోగొట్టుకున్నదానిలా నిలబడేది. రెండో నెలలో తుడవడం మానేసింది. నాలుగో నెలలో ఒక దిండు తీసేసింది. ఏడాది తిరిగేసరికి ఒకే దిండు మీద వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి గురక పెట్టింది. నర్సింగం లేచి కూర్చుని ఆ గురకను చాలాసేపు విన్నాడు. జీవితంలో తను చేసిన మంచి పని ఇదొక్కటే అనిపించి అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు, అబద్ధమెందుకు.

ఆ సుఖం రెండేళ్ల రెండు నెలలు సాగింది.

ఎండాకాలంలో వాగు అవతల కొత్త ఓపెన్ కాస్టు వస్తుందని తెలిసింది. ఇప్పటి మెషీన్లకు వెయ్యి అడుగులు ఒక లెక్క కాదట. ఊరంతా కంగారుపడింది. నర్సింగం ఒక్కడే ధీమాగా తిరిగాడు. హోటల్లో, మంగలి షాపులో, సంతలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. "వాగు దాటి రారు. నేను రాసిస్త. మన కింద రాయే." అతని మాట మీద ఇద్దరు రైతులు, అమ్మడానికి పెట్టిన పొలాలను అమ్మకుండా ఆపుకున్నారు.

కంపెనీ వాళ్లు బడి ముందున్న మైదానంలో సభ పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల ప్యాకెట్లు. తెల్ల గుడ్డ మీద పెద్ద మ్యాపు. వేణుమాధవ్ అనే కుర్ర అధికారి కర్ర పట్టుకుని మర్యాదగా, ఓపిగ్గా వివరించాడు. వాగు అవతల నల్లరంగు. అది గని. వాగు ఇవతల, నాగులమడుగు వెనక, పచ్చరంగు. అదేమిటని ఎవరో అడిగారు.

"మట్టి పోసే స్థలం. బొగ్గు మీదున్న మట్టి, రాయి అంతా తీసి ఎక్కడో పోయాలి కదా. బొగ్గున్న చోట పోస్తే రేపు మళ్లీ ఎత్తాల్సి వస్తుంది. అందుకే బొగ్గు లేదని రుజువైన చోటే పోస్తాం. ఇక్కడ ఆ ఫికర్ లేదు. ముప్పై ఏళ్ల కిందటే ఎనిమిది బోర్లు వేసి చూశారు."

కర్ర మొన ఎనిమిది చుక్కల మీద ఒక్కొక్కటిగా ఆగింది. నర్సింగం ముందు వరుసలోనే కూర్చున్నాడు. చుక్కల పక్కనున్న నంబర్లు చదవడానికి అతనికి కళ్లద్దాలు అక్కర్లేదు. సిమెంటు దిమ్మెల మీద చెక్కింది అతనే.

కుప్ప మూడు వందల అడుగుల ఎత్తు లేస్తుంది. పాతికేళ్లు పోస్తారు. పొలాలు తీసుకుంటారు, ఇళ్లు తీసుకోరు. ఇళ్లకూ కుప్పకూ మధ్య మూడు వందల మీటర్లు వదిలారు కాబట్టి ఇళ్లకు పరిహారం వర్తించదు. దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో నీళ్లు కొడతారు. ఆ ట్యాంకర్ల సంగతి సెంటినరీ కాలనీలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పాలా?

వెనక వరుసలోంచి సారవ్వ లేచింది. "నర్సింగం, నువ్వే గద బిడ్డా గవి ఏసింది? ఏం రాలే, అదృష్టవంతులు అంటివి గద?"

ఆమె తిట్టలేదు. నిజంగానే అడిగింది, తెలుసుకుందామని. ఇద్దరు రైతులు మాత్రం అతని వైపు చూసి తలలు తిప్పుకున్నారు.

సభ ముగిశాక వేణుమాధవ్ వెతుక్కుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "మీరేనా సార్ ఆ టీములో ఉంది? మీ రికార్డు నేనే చూశాను. ఈ మధ్య మళ్లీ రెండు బోర్లు వేసి సరిచూశాం. ఒక్క అడుగు తేడా రాలేదు. ఇప్పుడంత శ్రద్ధగా ఎవరు చేస్తున్నారు సార్?"

ముప్పై ఎనిమిదేళ్ల నౌకరీలో ఏ అధికారీ అతనికి అంత మంచి మాట చెప్పలేదు.

ఇంటికి వెళ్లే దారిలో అతను మొట్టమొదటిసారి పైకి చూశాడు. క్వార్టర్ కిటికీలోంచి ఇరవై ఎనిమిదేళ్లు మట్టి గుట్టలను చూస్తూనే ఉన్నాడు. వాటి మీద తుమ్మచెట్లు మొలిస్తే గుట్టలే అనుకున్నాడు. ఆ మట్టి కూడా ఎవరిదో పొలం మీద, ఎవరిదో వాకిలి ముందు పోశారన్న ఆలోచనే రాలేదు. అతని చూపెప్పుడూ కిందికే. కింద ఏముందో అంత కచ్చితంగా తెలిసినవాడు, పైన ఏం పడుతుందో ఒక్కసారి అనుకోలేదు. దారిలో కలిసినవాళ్లు పలకరించలేదు. పలకరిస్తే ఏడ్చేసేవాడు.

అనసూర్య వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. మమత బడి గోడ దగ్గర నిలబడి అంతా విని ముందే వచ్చింది.

అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎన్నేండ్లకు మొదలువెడ్తరట?" అంది ఆమె.

"వచ్చే దసర దాటంగనే."

"అమ్ముతే?"

"ఎవడు కొంటడే? ఊరందరికి తెల్సిపోయె."

చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది. ఆమె గొంతులో కోపం ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది. లేదు. "సరే. కిరాయికన్న ఉందాం. ఇంకో ఊరు చెప్పు. నువ్వు బోరు ఎయ్యని ఊరు ఒక్కటి చెప్పు, పోదాం."

నర్సింగం ఆలోచించాడు. ఒక్కో ఊరు కళ్ల ముందు తిరిగింది. ప్రతి ఊళ్లో ఒక డేరా, ఒక బావి, ఒక సల్ల పోసిన ముసలమ్మ. బొగ్గున్న ఊళ్లు, బొగ్గు లేని ఊళ్లు. ఉన్నవాటిని తవ్వుతారు, లేనివాటి మీద పోస్తారు. ఈ రెండూ కాని ఊరు ఎక్కడో ఉండే ఉంటుంది. అక్కడికి కంపెనీ అతన్ని ఎప్పుడూ పంపలేదు.

"నేను బోరెయ్యని ఊరు నాకు తెల్వదే అనసూర్యా," అన్నాడు.

ఆమె చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచింది. ఎదురుగా పొలాలు పచ్చగా ఉన్నాయి. గాలి చల్లగా, శుభ్రంగా వీస్తోంది. ఒకసారి నిండా పీల్చుకుంది. తర్వాత వంగి, రెండు చేతులతో ఆ తెల్లరాయిని ఎత్తి లోపల మూలకు పెట్టింది. ఇంకా పొద్దు గుంకలేదు. తలుపు మూసింది.