పోగు తెగకుండానే ఆగిన మగ్గం

మా చిన్నప్పుడు... నవల చదువుతూ నేను ఏడిస్తే, ఇంట్లో అందరూ "దీనికి కతల పిచ్చి" అని నవ్వేవాళ్ళు. బి.ఏ. అయ్యాక కూడా అదే మాట. కానీ ఒక రోజు నేను ఏడ్చింది కథకు కాదని ఒక్కరికీ తట్టలేదు.

ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. నాన్న నేస్తుంటే, అవ్వ రాట్నం ముందు నూలు కండెలు చుడుతుంటే, ఇంకొకరు గట్టిగా పుస్తకం చదవాలి. పోగు తెగితే మగ్గం ఆగేది... అతికేదాకా చదవడమూ ఆగేది.

అప్పట్లో ఒక పెద్ద కుటుంబ నవల భాగాలుగా వస్తుండేది. మొదటి భాగమంతా శేషు, మాధవుడు అనే బడిపిల్లల అల్లరే. మా అన్నా, అతని స్నేహితుడు ఖాజా ఆ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళు. అన్న శేషు, ఖాజా మాధవుడు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది నాన్నకు చూపు తగ్గింది. ఫిఫ్తు ఫారంలో, అంటే పదో తరగతిలో ఉన్న అన్న బడి మాని, నాన్న కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం గుంతలోకి దిగాడు. ఆ నెలలోనే ఖాజా ఆదోని నుంచి రెండో భాగం తెచ్చాడు.

"ఏం శేషూ, ఇంగ మనం పెద్దోళ్ళమైపోయినామప్పా!"

"నువ్వు పెద్దోడివి. నేను ఈ గుంతలో ఇంకా పొట్టోడినే" అన్నాడు అన్న.

మర్నాడు చదివే వంతు నాది. పుస్తకంలో మాధవుడు రైలెక్కి కాలేజీకి వెళ్తాడు. శేషు చదువు మాని తండ్రి కొట్లో కూర్చుంటాడు... అక్కడే ఉండిపోతాడు. ఆ మాట చదవడానికి నాకు నోరు రాలేదు. "మరుసటేడు శేషు మళ్ళీ బడిలో చేరాడు" అని కల్పించి చదివేశాను.

మగ్గం ఆగింది. చూస్తే, ఒక్క పోగూ తెగలేదు.

అన్న ఆ పుస్తకం ముందే చదివేశాడట. "ఉండేది ఉన్నట్టు సదువు పాపా... నాకేం కాదులే" అన్నాడు.

చదివాను. ఏడ్చాను. "కతకు ఏడుస్తాంది సూడప్పా!" అని అవ్వ నవ్వింది.

అన్న నేసిన చీరలే నన్ను అనంతపురంలో బి.ఏ. చదివించాయి. ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా అయిన ఖాజా ఇప్పటికీ వచ్చి "శేషూ" అనే పిలుస్తాడు. అన్న నవ్వుతూ పలుకుతాడు... చేయి మాత్రం ఆపడు.

నాకు కౌతాళం బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో పెళ్ళి మాటలు. "నవలలు సదివి సెడిపోయినాది" అంటోంది అవ్వ.

ఇప్పుడు మా వీధిలో ఎవరి పుస్తకం వాళ్ళు మనసులోనే చదువుకుంటున్నారు. మీ ఇళ్ళల్లో గట్టిగా చదివిందెవరో, వింటూ పనిచేసిందెవరో చెప్పండి...

సోమవారం నేను కౌతాళం వెళ్తున్నాను. నా జీతంతో మగ్గానికి మనిషిని పెడతాను. అన్న మెట్రిక్ పరీక్షకు కడతాడు. అది అయ్యేదాకా నేను పెళ్ళి చేసుకోను.