పరుగుకీ పరుగుకీ మధ్య

దానియేలు సారుది కోడేరు. చిన్నతనంలో అమ్మానాన్నలతో గోవాకు మట్టిపనికి వెళ్లాడు. కాలువ తవ్వే చోట, సాయంత్రాలు ఆ ఊరి పిల్లలతో ఫుట్‌బాల్ ఆడి ఆట నేర్చుకున్నాడు. పెద్దయ్యాక పగలు పార పట్టుకుంటూనే అక్కడి క్లబ్బు జట్టులో ఆడాడు. మోకాలికి దెబ్బ తగలడంతో ఆట ఆగిపోయింది. 2006లో గద్వాలలో మా అమ్మాయి అమూల్య చదివే బడిలో ఆటల సారుగా చేరాడు.

అమూల్యకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఊపిరితిత్తుల సంగతి తెలిసిన కొద్దీ నా భయం పెరిగిందే కాని తగ్గలేదు. తను సారు ఫుట్‌బాల్ జట్టులో చేరాక, రోజూ సాయంత్రం ఇన్‌హేలర్ సంచిలో వేసుకుని మైదానం గట్టు మీద కూర్చునేదాన్ని.

మట్టిపనిలో ఇద్దరిని జత కడతారట. ఒకరు తవ్వుతారు, ఒకరు మోస్తారు, అలసిపోయేలోపు పని మార్చుకుంటారు. సారు పిల్లల్నీ అలాగే జతలు కట్టాడు. ఒకరు బంతిని రాళ్ల మధ్య మెలికలు తిప్పుతూ పోయి, గోడకు తన్ని, వేగంగా వెనక్కి రావాలి. అంతసేపూ రెండోవారు నీడలో కూర్చుని చూడాలి. వారాలు గడిచే కొద్దీ పరుగు పొడవయ్యేది, కూర్చోవడం తగ్గేది. బంతి వాళ్ల కాళ్ల దగ్గర నిలవడం నాకు గట్టు మీదికే కనిపించేది.

జట్టులో ఆడే గణేష్ వాళ్ల నాన్న కురుమూర్తికి మాత్రం కూర్చున్నవాళ్లే కనిపించారు. ఆయన విత్తనాల కోసం సీడు పత్తి పండించే రైతు.

"ఏంది సారూ, మా పోరడు ఉరకనికొస్తుండా, నీడల కూసోనికొస్తుండా?"

"దమ్ము తీస్కోవాలె గదన్నా. దమ్ము లేకుంటే బంతి కాలి కాడ నిలువదు."

"నా చేన్ల కూలోళ్లు గిట్ల కూసుంటే పత్తి ఇంటికొస్తదా? రేపటి సంది గణేష్ ట్యూషన్‌కు పోతడు."

పక్కనున్న తండ్రులు తలలూపారు. వాళ్లూ మాన్పిస్తే, త్వరలో వనపర్తి బడి జట్టుతో ఉన్న ఆటకు మాకు జట్టే ఉండదు. జట్టు లేకపోతే ఆటల సారు అక్కర్లేదని బడివాళ్లు ముందే చెప్పారు. గోవాకు మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ అప్పటికే ఒకసారి వచ్చి, మళ్లీ పనికి వస్తావా అని సారును అడిగిపోయాడు.

"ఒక్క దినం నువ్వు చెప్పినట్లే చేపిస్త. నువ్వే నిలవడి చూడన్నా," అన్నాడు దానియేలు.

మరునాడు కురుమూర్తి ఆపమనేదాకా అందరూ మైదానం చుట్టూ పరుగెత్తారు. అమూల్య మధ్యలోనే దగ్గుతూ ఆగిపోయింది. నేను ఇన్‌హేలర్‌తో పరుగెత్తాను. తర్వాత రెండు జట్లుగా ఆట మొదలైంది. గణేష్ బంతిని తన్నబోయి దుమ్మును తన్నాడు. మళ్లీ దొరికితే అవతలి జట్టుకు అందించాడు.

"నువ్వు మన దిక్కా, వాళ్ల దిక్కా?" అని అడిగాడు వాడి జతగాడు విజయ్.

"సరే, ఉరుకుడు చాలు. కూసునుడు మాత్రం నా కండ్లతోని చూడలేను," అన్నాడు కురుమూర్తి.

అమూల్య వీపు నిమురుతూ నేను అన్నాను: "సార్, కూర్చోబెట్టే బదులు మెల్లగా నడిపిస్తే? శ్వాస బాగా కుదుటపడుతుంది."

దానియేలు కాస్త ఆలోచించాడు. "అయితది మేడమ్. నీడల కూసుంటే వీళ్లు బంతిని చూస్తలేరు, సీరియల్ ముచ్చట్లు పెడ్తుండ్రు."

మరునాడు అవే జతలు, అదే పరుగు. వంతు కోసం ఆగినవాళ్లు మాత్రం గీత వెంట మెల్లగా నడిచారు. కురుమూర్తి బండి దిగకుండానే చూశాడు.

"గిట్లుండాలె. ఒక్కడన్న కూసుంటుండా?"

"నువ్వు చెప్పినంకనే గదన్నా," అన్నాడు దానియేలు. ముఖంలో నవ్వు లేదు. నేను సంచి సర్దుకున్నట్టు తల దించుకున్నాను.

గణేష్ ట్యూషన్‌కు పోలేదు. వనపర్తిలో ఆట చెరో గోలుతో ముగిసింది. అమూల్య చివరిదాకా ఆడింది, ఇన్‌హేలర్ సంచిలోనే ఉంది. ఒక్క ఆటతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. సంచి మోయడం నేనింకా మానలేదు.

దీపావళి ముందు మేస్త్రీ మళ్లీ వచ్చాడు. దానియేలు సారు మైదానంలో సున్నంతో గీత గీస్తున్నాడు.

"ఈ ఏడు నేను రానన్నా," అన్నాడు, వంగినవాడు వంగినట్టే. "వనపర్తోళ్లు మల్ల ఆడనికొస్తున్నరు. ఈసారి మన గ్రౌండ్ల."