ఒకే బిల్లు మీద రెండు టీవీలు

గుణదలలో నేనుండే పోర్షన్ రెండు గదులు, ఒక వంటగట్టు. పదకొండేళ్ళు దాన్ని నేనూ, మా కాలేజీలోనే పనిచేసే ఇంకొకావిడా పంచుకున్నాం. ఆవిడ ఆఫీసులో, నేను లైబ్రరీలో. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. దాని గురించి మా మధ్య ఎప్పుడూ పెద్దగా మాటలు రాలేదు. పోయినేడు వేసవిలో ఆవిడను విశాఖపట్నం బ్రాంచికి మార్చారు. గ్యాస్ పొయ్యి నాది, బీరువా నాది, టీవీ ఆవిడది. సామాను బండిలోకి ఎక్కించే ముందు, "టీవీ ఉంచేసుకోరాదూ, అక్కడ ఇంకోటి కొనుక్కుంటాలే" అంది.

"నేనెక్కడ చూస్తాను, తీసుకెళ్ళు" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. నేను టీవీ చూడను గానీ, టీవీ మోగే ఇంట్లో బతకడానికి అలవాటు పడిపోయాను. పప్పుకి తాలింపు పెడుతుంటే వెనక గదిలో ఎవరో పోట్లాడుకునేవాళ్ళు, ఎవరో ఏడ్చేవాళ్ళు, ఎవరో వార్తలు చదివేవాళ్ళు. ఇప్పుడు ఆవాల చిటపట ఒక్కటే. సాయంత్రం తాళం తీసుకుని లోపలికొస్తే మర్నాడు పాలావిడ వచ్చేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు. ఒకరోజు ఆవిడ "బాగున్నారా అమ్మా" అంటే బదులు చెప్పబోయి ముందు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. ఆ ఆదివారమే టీవీ కొందామని బయల్దేరాను. పద్నాలుగు వేలు పక్కన పెట్టుకున్నాను. అందులోనే అవ్వాలి, వాయిదాలంటే నాకు భయం.

ఏలూరు రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాను. లోపల గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ ఒకే సముద్రం, ఒకే చేపలు. నేను వాటికింద ధరల చీటీలు చదువుకుంటూ పోతున్నాను. కొంచెం అవతల ఒకాయన కూడా అదే పని చేస్తున్నాడు. యాభై అయిదేళ్ళుంటాయేమో, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. చిన్నవన్నీ ఒకే మూల పెట్టారు కాబట్టి ఇద్దరం ఆ మూలకే చేరాం.

సేల్స్‌మాన్ వచ్చి మా ఇద్దరినీ చూసి, "ఎంతలో అనుకుంటున్నారు సార్?" అని ఆయన్ని అడిగాడు. ఆయన పన్నెండు, పదమూడు అన్నాడు. సేల్స్‌మాన్ నవ్వి నా వైపు తిరిగాడు. "సార్ బడ్జెట్ చెప్పేశారు, మోడల్ మాత్రం మేడం గారు చెప్పాలి. ఇంట్లో చూసేది మీరే కదండీ."

ఆయన ఏదో అనబోయి ఆగి నా ముఖం చూశాడు. నేను చెప్పి ఉండాల్సింది. 'ఆయనెవరో నాకు తెలియదండీ' అంటే సరిపోయేది. ఎందుకో చెప్పలేదు. "ముప్ఫై రెండు ఇంచులు చాలు" అన్నాను.

సేల్స్‌మాన్ రిమోట్ తేవడానికి వెళ్ళగానే ఆయన గొంతు తగ్గించి, "ఏమనుకోకండమ్మా, అతను పొరబడ్డాడు" అన్నాడు.

"ఫర్వాలేదండి."

"మీరొక మాట చెప్పాలి. పడుకుని చూసేవాళ్ళకి ఏది బాగుంటది?"

అప్పుడు చెప్పాడు. మైలవరం దగ్గర పల్లెటూరు వాళ్ళది, మామిడి తోట ఉంది. భార్యకి ఏడు నెలల కింద పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది, మాట కూడా సరిగా రావడం లేదు. ఆవిడ మంచానికి ఎదురుగా టీవీ పెట్టాలని వచ్చాడు. "రోజంతా పైకప్పు చూస్తా ఉంటదండి. నేను తోటకి పోకపోతే గడవదు. ఆడవాళ్ళ సంగతి నాకేం తెలుస్తది, ఏ టీవీ అయితే ఏందనుకుని వచ్చా. ఇక్కడ చూస్తే ఇన్ని ఉన్నాయి."

నేను అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. మెడ పక్కకి వాల్చి, దిండు మీద తల పెట్టుకున్న మనిషికి ఎలా కనపడుతుందో చూశాను. మొదటి దాంట్లో పక్కనుంచి చూస్తే మనుషుల ముఖాలు నల్లబడిపోతున్నాయి. రెండోది కొంచెం నయం. మూడోది ఎటు నుంచి చూసినా రంగు మారలేదు. ఆయన నా పక్కన నేల మీద గొంతుక్కూర్చుని, "కింద వచ్చే అక్షరాలు కనపడతన్నాయా అమ్మా?" అని అడుగుతున్నాడు. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. నాకు సిగ్గేసింది గానీ లేవబుద్ధి కాలేదు. ఒక మనిషితో కలిసి ఒక వస్తువుని అంతసేపు చూసి ఎంతకాలమైందో.

మూడోదాని ధర పదిహేను వేలు. ఇద్దరికీ ఎక్కువే. సేల్స్‌మాన్ ఆలోచించి, "ఒకే బిల్లు మీద రెండు తీసుకుంటే ఒక్కోదానికి పదిహేను వందలు తగ్గించొచ్చండి. కానీ ఒకటే కదా మీకు" అన్నాడు.

"రెండు కావాలి" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. అప్పుడు విషయం చెప్పక తప్పలేదు. సేల్స్‌మాన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత నన్ను మేడం అని కూడా పిలవలేదు, తలొంచుకుని బిల్లు రాశాడు.

బిల్లు ఆయన పేరు మీద అయింది. నాకొక జిరాక్స్ తీయించి, దాని వెనక తన ఫోన్ నంబరు రాసి, నా నంబరు కూడా అడిగి తీసుకున్నాడు. నా పెట్టె ఆటోలో ఎక్కించి, "జాగ్రత్తమ్మా, కుదుపులకి పగులుద్ది, కాళ్ళతో అదిమి పట్టుకో" అని చెప్పి తన పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఆటో కదిలాక వెనక్కి చూస్తే రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాడు.

రెండు నెలలు టీవీ బాగా పనిచేసింది. తర్వాత ఒక సాయంత్రం మాటలు వస్తున్నాయి, బొమ్మ రావడం లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే జిరాక్స్ పనికిరాదు, అసలు బిల్లు ఫొటో పంపమన్నారు. మొహమాటపడుతూనే ఆయన నంబరుకి చేశాను. ఎత్తింది ఆడగొంతు.

"టీ... వీ... అక్కేనా?" అంది, ఒక్కో అక్షరం లాగుతూ.

ఆయన నా నంబరు అలాగే రాసుకున్నాడట. సంగతి చెబితే, ఆయన తోట నుంచి రాగానే పంపిస్తానంది. ఆ మాట పూర్తవడానికి చాలాసేపు పట్టింది. నేను ఆగాను. నాకెలాగూ తొందర లేదు.

బిల్లు వచ్చింది, టీవీ బాగైంది. రెండు రోజుల తర్వాత ఏడింటికి ఆవిడే ఫోన్ చేసి బొమ్మ వస్తోందా అని అడిగింది. ఏం చూస్తున్నావంది. చూస్తే ఇద్దరం ఒకే సీరియల్ చూస్తున్నాం. ఫోన్లు పెట్టకుండానే అయ్యేదాకా చూశాం. మర్నాడు కూడా చేసింది. అలా రోజూ అయింది. ఆ కథలో అత్తగారంటే ఆవిడకి ఒళ్ళుమంట. తిట్టాలనుకునేది, నోరు తిరిగేది కాదు, చివరికి ఆ తిట్టు నేనే అందించేదాన్ని. అవతల ఆవిడ నవ్వేది. నవ్వు మాత్రం తడబడకుండా వచ్చేది. ఒకసారి ఆయన ఫోన్ తీసుకుని, "మాట రావాలంటే మాట్లాడతానే ఉండాలన్నారమ్మా డాక్టరుగారు. నాతో ఏం మాట్లాడుద్ది? మీ పుణ్యం" అన్నాడు. పుణ్యం ఎవరిదో నాకు తెలుసు.

నాలుగైదు నెలల్లో ఆవిడ మాట తేటపడింది. ముందు కూర్చుంది, తర్వాత గోడ పట్టుకుని నిలబడింది. మొదటి అడుగు వేసిన రోజు నాకు మధ్యాహ్నమే, లైబ్రరీలో ఉండగా ఫోన్ చేసింది. బయటికెళ్ళి మెట్ల మీద నిలబడి విన్నాను. కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి పుస్తకాలకి ముద్రలు వేశాను. ఎవరితో చెప్పాలో తెలియలేదు.

ఆ తర్వాత ఫోన్లు రెండు రోజులకొకటి అయ్యాయి, తర్వాత వారానికొకటి. ఒకరోజు ఏడింటికి నేనే చేశాను. ఆయన ఎత్తాడు.

"కర్రేసుకుని పక్కింటోళ్ళ అరుగు మీదకి పోయిందమ్మా. సాయంత్రమైతే అక్కడే, ఆడోళ్ళంతా చేరతారు. టీవీ పెట్టటమే మానేసింది. పిలవమంటారా?"

"వద్దులెండి, ఊరికే చేశాను."

"ఏమన్నా పనా?"

"ఏం లేదండి."

సంతోషంగానే ఉంది. అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ సాయంత్రం సీరియల్లో ఎవరేమన్నారో ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు. అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాను. అది ఎండిపోయాక లేచి కంచం కడిగేశాను.

మొన్న ఉగాదికి ఆవిడే ఫోన్ చేసింది. మాట ఇప్పుడు చాలావరకు మామూలుగానే ఉంది. వెనక ఎవరెవరివో గొంతులు వినపడుతున్నాయి. "కాయలు దిగే టైముకి రా అక్కా, నాలుగు రోజులుండి పో. నిన్ను చూడాలనుంది నాకు. ఎట్టుంటావో తెలీదు" అంది. తప్పకుండా వస్తానన్నాను. ఇక్కణ్ణుంచి మైలవరం బస్సులో ఎంతో దూరం కాదు. కాయలు దిగడం కూడా మొదలైందట. ఇంకా వెళ్ళలేదు.