దగ్గు ఆయనది, రేషియో నాది

కరోనా రెండోసారి వచ్చినప్పుడు కోరుట్లలో మా ఇద్దరికీ ఒకేసారి అంటుకుంది. మా ఆయన మంచమెక్కి, వీధంతా వినబడేలా దగ్గేవాడు. మధ్యమధ్యలో మిరియాల చారు అడిగేవాడు. నాకు ఒంట్లో నలతే తప్ప పెద్ద బాధేమీ లేదు. చారు పెట్టిచ్చేదాన్ని.

ఆయన పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్లాం. స్కానింగుకు జగిత్యాలలో జనం బారులు తీరి ఉన్నారని, ముందు రక్తం చూద్దామన్నాడు డాక్టరు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ ఎన్నున్నాయో చూసి, లింఫోసైట్స్ అనే మరో రకం కణాల లెక్కతో భాగిస్తారట. రేషియో అనే ఆ అంకె ఎంత పెద్దదైతే జబ్బు ముదిరే భయం అంత ఎక్కువట.

ఆయనకు రెండు వచ్చింది. నాకు తొమ్మిది.

"చీటీలు మారినయేమో సార్. దగ్గేది నేను గదా!" అన్నాడు ఆయన, మొహం చిన్నబుచ్చుకుని.

"ఇంట్ల పనంతా నాదే. గిది గూడ నాకే ఎక్కువనా సార్?" అన్నాను నేను.

డాక్టరు నవ్వలేదు. నన్ను వరండాలో కాసేపు నడిపించి, వేలికి క్లిప్పు పెట్టి చూశాడు. ఆక్సిజన్ పడిపోయింది. అదే రోజు జగిత్యాల ఆస్పత్రిలో చేర్పించారు. ఆయనా రోగే కాబట్టి నా గదిలోనే ఉండనిచ్చారు. ఆ దగ్గు ఏమైపోయిందో గానీ, మళ్లీ వినబడలేదు. నా పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచేవాడు. నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

రోజూ సిరిసిల్లలో ఉన్న తన చెల్లెలికి ఫోన్ చేసి నా రేషియో చెప్పేవాడు. ఒక పొద్దున అది పన్నెండయింది. ఫోన్ పట్టుకునే ఏడ్చేశాడు.

"అన్నా, ఏడ్వకు. ముందుగాల డాక్టర్‌ను అడుగు" అని ఆమె కసిరింది.

అడిగితే డాక్టరు, "స్టెరాయిడ్ ఇంజక్షన్లకు గట్లనే పెరుగుతది. అంకె ఒక్కటే పట్టుకోకుండ్రి, మనిషిని చూడుండ్రి" అన్నాడు.

ఆయన మనిషిని చూశాడు. మనిషి ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి ఇడ్లీ తింటోంది.

మెల్లగా ఆక్సిజన్ తీసేశారు, ఇంటికి పంపారు. వంట ఆయన చేతికి వచ్చింది. పప్పులో ఉప్పు ఉందో లేదో నా నాలుకకు తెలియదు కాబట్టి హాయిగా తిన్నాను. రుచి తిరిగి వచ్చాక ముద్ద దిగడం కష్టమైంది. అయినా ఆ సంగతి చెప్పకుండా ఇంకొన్నాళ్లు అలాగే తిన్నాను.