మింగిన మాట

పాత ఇంకు పెన్నులు సేకరించి బాగుచేయడం నాకు సరదా. అది తెలిసి, చిన్నప్పటి మా చర్చి సంఘపెద్ద కొడుకు నిన్న ఉదయగిరి నుంచి ఆత్మకూరులో మా ఇంటికి ఒక పెన్ను తెచ్చాడు.

"చిన్నప్పుడు చర్చిలో ఇచ్చినారు. పెట్టెలోనే ఉండిపోయినాది. రాస్తాదేమో చూడమ్మే."

మూత తిప్పి చూశాను. పాళీకి ఇంకు మరక కూడా లేదు. దాంతో ఒక్క అక్షరం రాయలేదు వాడు. ఒళ్లు మండిపోయింది.

ఆ పెన్ను నాకు రావలసింది. బైబిల్లో అన్నిటికన్నా పొడవైన కీర్తన చూడకుండా చెప్పినవాళ్లకు బహుమతి అన్నారు. తొమ్మిదేళ్ల నేను చివరిదాకా చెప్పాను. వాడు సగంలో ఆగిపోయి దిక్కులు చూశాడు. పెన్ను వాడికిచ్చారు.

"నేనేం తప్పు చెప్పినాను అయ్యగారూ?" అని పాస్టరుగారిని అడిగాను.

"మధ్యలో ఒక మాట మింగినావు పాపా. దేవుని వాక్యం మింగితే ఎట్టా?"

నమ్మాను. మరిచిపోవడం బలహీనత, మింగడం పాపం అనుకున్నాను. ఆ వేసవి సెలవులన్నీ మిద్దె మీద బైబిలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మాట మీదా వేలు పెట్టి నా పాపం కోసం వెతికాను.

"ఏందిమే ఆ గొణుగుడు? అన్నానికి రా!" అని అమ్మ కింద నుంచి కేకేసేది.

తప్పు దొరకలేదు. దొరకనందుకు ఇంకా భయపడ్డాను.

సంఘపెద్దను నొప్పించలేక అయ్యగారు అబద్ధమాడారని పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. పెన్ను పోయినందుకు ఎప్పుడో క్షమించాను. దేవుని వాక్యాన్ని అడ్డం పెట్టుకుని ఒక పిల్లను భయపెట్టినందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. మోకరించినప్పుడు ఆ సంగతి ప్రభువుకు దాచకుండానే చెబుతున్నాను.