తొమ్మిది గంటల ఫోన్

గత వారం కూరగాయలు కొనుక్కుని వస్తూ మా వీధి చివరి సహాయ కేంద్రం ముందు ఆగిపోయాను. పక్క పేటకు మారిపోయామని అద్దాల తలుపు మీద కాగితం అంటించారు. లోపల కుర్చీలు కూడా లేవు. ముసలివాళ్లకు సామాన్లు తెచ్చిపెట్టడం, అర్థంకాని ప్రభుత్వ ఉత్తరాలు చదివి చెప్పడం, దరఖాస్తులు నింపిపెట్టడం ఆ కేంద్రం పనులు. మేం జర్మనీలో ఈ బ్యోబ్లింగెన్ ఊరికి వచ్చిన కొత్తలో మా ఆన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు కాగితాలు నింపిపెట్టింది అక్కడి ఆఫీసావిడే. పొడుగాటి మనిషి, గట్టి గొంతు. నా జర్మన్ ఎంత వంకరగా ఉన్నా అర్థమైందనే చెప్పేది. అర్థమయ్యేది కాదని ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోయేది. అందుకే తర్వాత ఆవిడ ఒక పని అడిగితే మొహమాటానికి కాదనలేకపోయాను.

అది కరోనా వచ్చిన మొదటి వసంతం. పాప వెళ్లే కీటా, అంటే పసిపిల్లల బడి, మూసేశారు. మా ఆయన ఆఫీసు మా పడగ్గదిలోకి వచ్చి కూర్చుంది. నేను చిన్న గొంతుతో తాలింపు వెయ్యడం నేర్చుకుంటున్నాను. పేటలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం ఆఫీసావిడ ఒక ఫోన్ల గొలుసు పెట్టింది. పొద్దున్నే ఒకరు రెండోవారికి, రెండోవారు మూడోవారికి ఫోన్ చేసి క్షేమం కనుక్కోవాలి. చివరివారు కేంద్రానికి చెయ్యాలి. గొలుసులో ఒకావిడను కూతురు తీసుకెళ్లిపోవడంతో ఆ ఖాళీలో నన్ను పెట్టింది. నేను ముసలిదాన్నీ కాదు, ఒంటరిదాన్నీ కాదు, ఇల్లంతా మనుషులే, ఒక్క నిమిషం ఒంటరిగా వదిలితే చాలనుకునేదాన్ని. నియమం మాత్రం ఆవిడ మూడుసార్లు చెప్పి, నాచేత అప్పజెప్పించుకుంది. ఎవరైనా ఎత్తకపోతే ఐదు నిమిషాలాగి మళ్లీ చెయ్యాలి. అప్పుడూ ఎత్తకపోతే వెంటనే కేంద్రానికి చెప్పాలి.

నేను ఫోన్ చెయ్యాల్సింది బస్సు నడిపి రిటైరైన ఒక పెద్దాయనకు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. సరిగ్గా తొమ్మిదికి చేస్తే రెండోసారి మోగేసరికే ఎత్తేవారు. మాకు కిటికీలు లేనట్టు ముందుగా బయట వాతావరణం చెప్పేవారు. వెనకాల వంటింట్లో రేడియో మోగుతూ ఉండేది. మా పాప ఫోన్ లాక్కుని ఓపా అని పిలిస్తే, ఆ తాత గొంతు పదేళ్లు చిన్నదయ్యేది. ఆయన నా ఫోన్ పెట్టేసి, తన తర్వాత ఉన్న రిటైరైన టీచరమ్మకు చేసేవారు. ఒక నెల ఇలా చక్కగా నడిచింది. నాకూ కాస్త గొప్పగానే ఉండేది.

ఆ రోజు తొమ్మిదికి చేస్తే ఎత్తలేదు. ఐదు నిమిషాలాగి మళ్లీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మీటింగుకూ మీటింగుకూ మధ్య టీ కోసం వచ్చిన మా ఆయనకు చెప్పాను.

"పండుకున్నడేమో. పెద్దమనిషిని లేపుడెందుకు? తర్వాతామెకు నువ్వే చేసెయ్, జర అడ్జస్ట్ చెయ్" అన్నాడు.

తప్పు ఆయన మీదికి నెట్టను. నాకూ అదే బాగుందనిపించింది. కేంద్రానికి చెబితే పరుగెత్తుకొస్తారు, ఆయన పైజామాలో తలుపు తీస్తారు, అందరిముందూ నేను కంగారుమనిషినవుతాను. టీచరమ్మకు చేశాను. మీరు చేశారేం, ఆయనెలా ఉన్నారని అడిగింది. ఆయన బాగున్నారు, ఇవాళ నన్నే చెయ్యమన్నారు అన్నాను. నాకు వచ్చిన జర్మన్‌లో అప్పటికి శుభవార్తలే సిద్ధంగా ఉండేవి. ఫోన్ పెట్టేసి పెనం పెట్టి దోసెలు పోశాను.

మూడో దోసె పెనం మీద ఉండగా ఆఫీసావిడ రోజూ పంపే మెసేజ్ వచ్చింది. గొలుసు పూర్తయింది, ఇవాళ అందరూ క్షేమం. ఆ "అందరూ" అన్న మాట రెండుసార్లు చదివాను. ఆ క్షేమం నేను పుట్టించింది. మళ్లీ ఆయనకు చేశాను. ఎత్తలేదు. కేంద్రానికి చేస్తే లైన్ బిజీ. పొయ్యి ఆపానో లేదో గుర్తులేదు, ఇంటి చెప్పులతోనే వీధి చివరిదాకా పరుగెత్తాను.

కేంద్రం కిటికీ దగ్గర నిలబడి, మాస్కులోంచి ఏడుస్తూ, వచ్చిన ముక్కల్లో నిజం చెప్పేశాను. ఆఫీసావిడ తిట్టలేదు. "ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది. తొమ్మిదింటికన్నాను. గోడ గడియారం వైపు చూసింది. పెద్దవాళ్లు కేంద్రంలో ఇచ్చి ఉంచిన తాళంచెవుల్లోంచి ఆయన ఇంటిది తీసుకుని బయటికొచ్చింది. నేను వెనకాలే పరుగెత్తాను.

తలుపు తీయగానే రేడియో వినిపించింది. బాత్రూం దగ్గర ఆయన పక్కకు ఒరిగి నేల మీద ఉన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్లు మూసి ఉన్నాయి. ఆవిడ భుజం మీద చెయ్యివేసి పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. నాకు తెలిసిన దేవుళ్లందరినీ ఆ గుమ్మంలో నిలబెట్టుకున్నాను. మూడోసారి పిలిచాక కళ్లు తెరిచి, ముందు నన్ను చూశారు. ఏదో అన్నారు, నాకు అర్థం కాలేదు. అంబులెన్స్ వచ్చేదాకా నా శాలువా ఆయన మీద కప్పి, ఆ చల్లటి టైల్స్ మీద కూర్చున్నాను.

తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి ఎవర్నీ రానిచ్చే రోజులు కావు. క్షమించమని అడగడానికి వాక్యాలు కాగితం మీద రాసుకుని, మా ఆయనతో దిద్దించుకుని మూడు వారాలు దాచుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశారు. నేను కాగితం వెతుక్కునేలోపే చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికే నేల మీద పడి ఉండి, తొమ్మిదికి ఫోన్ మోగడం విన్నారట. రెండోసారి కూడా మోగాక, ఇక వచ్చేస్తారని నిబ్బరంగా ఉన్నారట. రేడియోలో తొమ్మిదిన్నర వార్తలు కూడా అయిపోయాయట, ఎవరూ రాలేదు.

"అప్పుడు నాకు భయం వేసింది. మీకే ఏదో అయిందనుకున్నాను. ఆ జబ్బు మీ ఇంటికి వచ్చిందేమో, పాప ఎలా ఉందోనని. లేకపోతే మీరు కేంద్రానికి చెప్పకుండా ఉండరు కదా" అన్నారు.

కాగితం చేతిలోనే ఉంది. మొత్తం చదివాను. అబద్ధం చెప్పిన వాక్యం కూడా వదల్లేదు. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత "సరే, పాప బాగుంది కదా" అన్నారు. బాగుందన్నాను. ఈసారి అది నిజమే.

ఆయన మళ్లీ ఇంటికొచ్చారు, ఇంకో రెండేళ్లు ఉన్నారు, రోజూ నేనే ఫోన్ చేశాను. అయినా లెక్క సరిపోలేదు. ఆ ఉదయం తొమ్మిది నుంచి ఆయన తలుపు తీసేదాకా మా ఇద్దరికీ గడిచింది ఒకే నలభై నిమిషాలు. నావి దోసెలతోనే అయిపోయాయి. నేల మీద పడి నా కోసం భయపడిన ఆయన నలభై నిమిషాలు, ఆయన పోయాక కూడా నా దగ్గర గడుస్తూనే ఉన్నాయి.