సాక్షి కుర్చీలో కూర్చున్నవాడు

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే, ఉంటే వచ్చి నా ఎదురుగా కాసేపు కదలకుండా కూర్చోమనండి, బొమ్మ గీసి పెడతాను అనేదాన్ని. నమ్మకం లేకపోవడమే కాదు, ఆ కబుర్లంటే ఒళ్ళుమంట కూడా. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఎవరైనా మొదలుపెడితే ప్లేటు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

నేను కోర్టుల్లో బొమ్మలు గీస్తాను. జడ్జి కెమెరాలను లోపలికి రానివ్వని కేసుల్లో టీవీవాళ్ళు నాలాంటివాళ్ళను పిలుస్తారు. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, పెళ్ళయి నేపర్‌విల్ వచ్చి, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని, గ్రీన్ కార్డ్ వచ్చాక పట్టుకున్న పని ఇది. మా ఆయన ఇప్పటికీ ఎవరికైనా చెప్పాల్సి వస్తే "మా ఆవిడ లీగల్ ఫీల్డ్‌లో ఉంది" అంటాడు. హంతకుల్ని గీశాను, దొంగ డాక్టర్లను గీశాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

వంశీ కేసు దగ్గర ఆ నిద్ర చెడింది.

వంశీ, కిరణ్ ఒకే ఆఫీసులో పనిచేసే స్నేహితులు. పార్టీ నుంచి తిరిగి వస్తుంటే కారు హైవే పక్క గోడను గుద్దుకుని పల్టీలు కొట్టింది. బెల్టులు పెట్టుకోలేదు, ఇద్దరూ బయటికి విసిరేసినట్టు పడ్డారు. కిరణ్ చనిపోయాడు. ఇద్దరూ తాగి ఉన్నారు. నడిపింది కిరణ్ అని వంశీ అంటాడు, వంశీయేనని ప్రాసిక్యూషన్ అంటుంది. చూసినవాళ్ళు లేరు. వంశీ నడిపాడని తేలితే జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపించేయడం. మొత్తం కేసు ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

ఆ కోర్టులో కాపలా చూసే డెప్యూటీ ఒకాయన నన్ను అందరికంటే ముందే లోపలికి పంపేవాడు. బల్లలు, కుర్చీలు, జెండా ముందే వేసేసుకుంటే, మనుషులు వచ్చాక ముఖాల మీద పని చేసుకోవచ్చు. రెండో రోజు పొద్దున అలాగే వెళ్ళి కూర్చున్నాను. సాక్షి కుర్చీలో ఒకతను ఉన్నాడు. మైకు ముందుకు వంగి ఏదో చెబుతున్నాడు. మైకు టెస్ట్ చేసే మనిషి అనుకున్నాను. మనిషి ఉంటే కుర్చీ కొలత బాగా కుదురుతుంది కాబట్టి అతన్నీ గీసేశాను. గళ్ళ చొక్కా, సగం తెరిచిన నోరు, గడ్డంలో ఎడమవైపు రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. ఆ మచ్చ తేవడానికి రంగును వేలితో తుడిచిన గుర్తు కూడా కాగితం మీద ఉంది. తెల్ల పేస్టల్ సుద్ద కోసం సంచీలోకి వంగి లేచేసరికి కుర్చీ ఖాళీ. పనైపోయి వెళ్ళాడనుకున్నాను.

బ్రేక్‌లో డెప్యూటీతో మాట వరసకి ఆ మైకు అతని సంగతి అన్నాను. పొద్దున ఎవరూ రాలేదు, నీ కోసమే తలుపు తీశాను, లోపల నువ్వొక్కదానివే ఉన్నావు అన్నాడు. ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను.

మధ్యాహ్నం ప్రాసిక్యూటర్ కిరణ్ ఫోటో తెర మీద వేశాడు. ఆఖరి పుట్టినరోజుకు తీసింది. గడ్డం, ఎడమవైపు తెల్లమచ్చ. పొద్దుటి కాగితాన్ని అట్టల మధ్యకి తోసేశాను.

కోర్టు అయ్యాక బొమ్మలను టీవీ వ్యాన్ తలుపుకు టేపుతో అంటిస్తాం, కెమెరామన్ షూట్ చేసుకుంటాడు. ఆ పని చేస్తుంటే అట్టల మధ్య నుంచి పొద్దుటి కాగితం జారి పడింది. తీసి ఇచ్చింది వంశీ భార్య లావణ్య. నేను తెలుగుదాన్నని మొదటిరోజే కనిపెట్టింది.

"ఇది కిరణ్ కదా ఆంటీ. మీకు ముందే తెలుసా?"

కేసువాళ్ళతో మేం మాట్లాడకూడదు. కానీ ఆ పిల్ల ముఖం చూసి తప్పించుకోలేకపోయాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె భయపడుతుందనుకున్నాను. కళ్ళల్లో ఆశ కనబడింది. అది చూసి నాకే భయం వేసింది.

"ఏమన్నాడు ఆంటీ? ఎవరు డ్రైవ్ చేశారో చెప్పాడా?"

గీసేటప్పుడు నాకు చెవులు పనిచేయవు. పెదవులు ఎంత తెరుచుకున్నాయో చూస్తాను గానీ, అందులోంచి ఏం వచ్చిందో వినను. సాక్షులు చెప్పింది తర్వాత రిపోర్టర్లను అడిగి తెలుసుకుంటాను. అయినా ఒక సంగతి మాత్రం తెలుసు. ఇన్నేళ్ళయినా ఇంగ్లీషు చెవిన పడితే నాలో ఏదో కాస్త బిగుసుకుంటుంది. ఆ పొద్దున అలా కాలేదు. పక్కగదిలో మనవాళ్ళు మాట్లాడుకుంటుంటే మనం పట్టించుకోం కదా, అలా నిశ్చింతగా బొమ్మ వేసుకున్నాను. అతను తెలుగులోనే మాట్లాడాడు. ఆ గదిలో అప్పుడు అది అర్థమయ్యే మనిషిని నేనొక్కదాన్నే.

"వినలేదమ్మా" అన్నాను.

"కొంచెం ట్రై చేయండి ఆంటీ" అంది మెల్లగా.

ఎక్కడో వార్తల్లో చూసి ఉంటావు, బుర్రలో ఉండిపోయి చేతిలోకి వచ్చింది అన్నాడు మా ఆయన. అదే నిజమైతే బాగుండునని వెతికాను. వార్తల్లో వచ్చిన ఫోటో ఒక్కటే. నున్నగా షేవ్ చేసుకుని, గడ్డం గానీ మచ్చ గానీ లేని పాత ఫోటో.

వంశీకి శిక్ష పడింది. తీర్పు వింటున్నప్పుడు అతని ముఖం గీసింది నేనే. చెప్పింది నిజమో అబద్ధమో అందులో నాకు దొరకలేదు.

కిరణ్ బొమ్మ ఏ లాయరుకూ చూపించలేదు. చూపించి ఏం చెప్పను? ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి, బొమ్మలో ఉన్నట్టు నోరు తెరిచి చూసుకుంటాను. 'నే' అన్నప్పుడు అలా ఉంటుంది. నేనే నడిపాను అనబోయినా నోరు అలాగే తెరుచుకుంటుంది. నేను కాదు అనబోయినా అలాగే తెరుచుకుంటుంది.

నేను చూసింది ఏమిటో ఈ రోజుకీ చెప్పలేను. దయ్యం అనడానికి ఇప్పటికీ మనసొప్పదు. కాదు అనడానికి ధైర్యం చాలదు.

లావణ్య ఈ దేశంలో ఉండటానికి స్టూడెంట్ వీసాకు మారి, షాంటిలీలో వాళ్ళక్క ఇంట్లో ఉంటోంది. ప్రతి ఆదివారం జైల్లో ఉన్న వంశీతో మాట్లాడాక నాకు ఫోన్ చేస్తుంది. ఏమైనా గుర్తొచ్చిందా ఆంటీ అని అడుగుతుంది. మొన్న ధైర్యం చేసి, రాలేదమ్మా, ఇక రాదేమో అనేశాను.



"పర్లేదు ఆంటీ, నెక్స్ట్ వీక్ చేస్తా" అంది.